మైకులో చెప్పిన మాట

1986 నవంబరు పదహారు, ఆదివారం. ఎల్లారెడ్డిలో ఆ రోజు మీలాద్, ప్రవక్త పుట్టినరోజు పండుగ. మధ్యాహ్నం పందిట్లో వడ్డించింది బగారన్నం, సొరకాయ ముక్కలేసిన మటన్ దాల్చా, చివర్లో మోదుగాకు దొప్పల్లో ఇంత డబల్ కా మీఠా. ఘనీ సాబుకు ఆ తేదీ, ఆ తిండి ఎన్నేళ్ళయినా మరుపుకు రాలేదు. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు, చెవులనిండా పొగడ్తలు విన్నాడు. ఆ తరువాత చాలాకాలం ఏ పందిట్లో కూర్చున్నా ముద్ద గొంతు దిగేది కాదు.

ఘనీ సాబుది బజారులో కిరాయి సామాన్ల దుకాణం. షామియానాలు, జంపఖానాలు, పరుపులు, దిండ్లు, ఊరంతటికీ వండగల రాగి దేగులు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా, గిన్నె బోర్లించి చూస్తే అడుగున ఆయన పేరు చెక్కి ఉండేది. మీలాద్‌కు మాత్రం సామాను ఊరికే ఇచ్చేవాడు. నిజామాబాదులో కాలేజీ చదువు చదివిన మనిషి. గొంతు మంచిది, మాటలో తడి ఉంది. అందుకని ఏటా ప్రవక్త జీవితం మీద ప్రసంగం ఆయన వంతు. ఉర్దూలో మొదలుపెట్టి, పందిరి అంచున నిలబడ్డ హిందూ ఇరుగుపొరుగుల కోసం మధ్యమధ్య తెలుగులోకి దిగేవాడు. ప్రవక్త పేరు వచ్చినప్పుడల్లా రెండు బొటనవేళ్ళు పెదాలకు తాకించి కళ్ళకద్దుకునేవాడు. ఆ అద్దుకోవడం చూస్తే ఎదుటివాళ్ళ కళ్ళూ చెమ్మగిల్లేవి. అది నటన కాదు. ఆయనంటే గిట్టనివాళ్ళు కూడా ఆ మాట ఒప్పుకుంటారు.

ఆ ఏడు ఆయన ఎత్తుకున్నది ప్రవక్త మొదటి భార్య బీబీ ఖదీజా కథ.

"ఆమె బేవా. మొగుడు పోయినామె. వయసుల మన ప్రవక్త, హుజూర్ కంటే పెద్ద. అయినా మూలకు కూసోని ఏడువలేదు. ఈ మనిషి సచ్చా మనిషి, ఈయనను నేను చేసుకుంట అని తన నేస్తురాలు నఫీసాతోని తనే కబురు పంపింది. ఇనుండ్రి భాయ్, ఆడమనిషి కబురు పంపింది! హుజూర్ దాన్ని తప్పు పట్టిండ్రా? లేదు. నెత్తిన పెట్టుకున్నరు. మరి మన ఇండ్లల్ల ఎంతమంది బేవాలున్నరు? వాళ్ళు కబురు పంపితే ఇనే చెవి మనకున్నదా?"

పందిరంతా "సుభానల్లా" అంది. పర్దా అవతల ఆడవాళ్ళ వైపు మాత్రం ఒక్క గాజు చప్పుడు కాలేదు. మైకు వదిలి వచ్చాక పెద్దలు ఆయన్ను కావలించుకున్నారు. ఒకాయన తన దొప్పలోని మీఠా కూడా తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. ఘనీ సాబ్ వద్దనలేదు.

పండుగ అయిన వారంలోపే, ఒక పొద్దున ఆయన దుకాణం ముందు దేగులు బోర్లించి సొట్టలు చూసుకుంటుంటే విమలమ్మ వచ్చింది. విమలమ్మది వాళ్ళ పక్కిల్లే. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి మానేసింది. ఆ గల్లీలో సగం మంది పిల్లల్ని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. అందుకని పెద్దవాళ్ళ మీద కూడా కాస్త అధికారం చలాయించేది.

"ఏమన్నా, పొద్దుగాల్నే గిన్నెల్ల మొఖం చూసుకుంటున్నవ్?"

"సొట్టలు చూస్తున్న విమలమ్మా. ఒక్కటన్న మంచిగ వాపసు రాలె."

"గిన్నెకు పడ్డ సొట్ట నయం, కండ్లకు కనవడ్తది." చుట్టిపెట్టిన జంపఖానా మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక మాట చెప్పనీకి వచ్చిన. కోపం చేయనంటే చెప్త."

"నీ మీద కోపం చేసి బతికినోడున్నడా ఈ గల్లీల?"

"మాట నాది గాదు. మోసుకచ్చుడే నాది. మాట సాలెహాది."

సాలెహా ఘనీ సాబ్ కోడలు. ఆయనకున్న ఒక్క కొడుకు హుస్సేన్ షార్జాలో కట్టడం మీది నుంచి పడి పోయాడు, నాలుగేళ్ళయింది. మన్ను చేసింది కూడా అక్కడే. భార్య అంతకు ముందే పోయింది. ఇంట్లో ఇక మిగిలింది ఆయన, సాలెహా, ఆమె ఆరేళ్ళ బిడ్డ మున్నీ.

"ఇంట్ల ఉన్న మనిషి నీతోని చెప్పి పంపుడేంది?"

"నీతోని ఎట్ల చెప్తది? నీ ముంగట కొంగు సర్దుకునుడు తప్ప ఆ పిల్ల నోరు తెరిచిందా ఇన్నేండ్ల?" విమలమ్మ గొంతు తగ్గించింది. "జిలానీ లేడు? కామారెడ్డి జిలానీ, నీ పరుపులు కుట్టే పిలగాడు. నువ్వు సరేనంటే ఆ పిలగాన్ని చేసుకుంటనంటున్నది."

ఘనీ సాబ్ చేతిలోని దేగు మూత కిందికి జారింది. అది చుట్టూ తిరిగి తిరిగి చప్పుడు చేస్తూ ఆగింది.

"ఎవరు? దూదేకులోడా?"

"ఆళ్ళు దూదేకకుంటె పెండ్లిండ్లకు జనాన్ని బండల మీద పండవెట్టెటోనివా?"

"సాలెహా కంటే చిన్నోడు!"

"ఎంత? రెండేండ్లు. గామె ఇంకెంతో పెద్దదని నువ్వే అంటివి గద మైకుల."

"ఎవరు?"

"నాకు పేరు నోరు తిరగది. మీ ప్రవక్త ఇంటామె. తనే కబురు పంపిందని చెప్పి, మోసుకపోయినామె పేరు గూడ చెప్తివి. పర్దా అవతల నేనూ కూసున్న. నీ కోడలు నా పక్కకే కూసోని ఏడ్చింది. మామ మంచిగ మాట్లాడుతున్నడని ఏడుస్తున్నదనుకున్న నేను. గాదు. మామ నాకోసమే చెప్తున్నడని ఏడ్చిందంట. పిచ్చిపిల్ల."

ఘనీ సాబ్ చుట్టూ చూశాడు. ఎదురు దుకాణంవాడు వింటున్నాడేమోనని ఆయన మొదటి భయం. ఆ తరువాత ఆయనకు ఒక మాట దొరికింది. ఎంతో మర్యాదైన మాట.

"ఆ సంగతి వేరు విమలమ్మా. వారు రసూల్. అల్లా పంపిన మనిషి. మనమెక్కడ, వారెక్కడ? వారితోని మనలను పోల్చుకునుడే పాపం."

అనగానే ఆయనకు లోపల చల్లబడింది. అబద్ధం కాదు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు. ఎంత ఎత్తున కూర్చోబెడితే, దిగివచ్చి మన ఇంటి గడప తొక్కే అవసరం ప్రవక్తకు అంత తక్కువ.

విమలమ్మ మాత్రం నవ్వింది. "మా ఇండ్లల్ల గూడ గంతేనన్నా. రాముని పటం గోడకు ఎంత మీద కొడితే అంత మంచిది. కండ్లల్ల కండ్లు వెట్టి చూడడు." లేచి చీర దులుపుకుంది. "మరి జవాబు తీస్కపోవాలె. ఏమని చెప్పమంటవ్?"

"నేనే చెప్త. నువ్వు నడుమ పడకు."

"పడమన్నరు, పడ్డ. నా మోకాళ్ళే నొచ్చినయ్."

ఆమె బజారు మలుపు తిరిగాక ఆయనకు తట్టింది: దుకాణానికి వచ్చిన మనిషికి చాయ్ తాగమని అనలేదు. ఇన్నేళ్ళలో అలా జరగలేదు.

ఆ సాయంత్రం సాలెహా జొన్నరొట్టెలు చేసింది. ఘనీ సాబుకు పళ్ళు సరిగా లేవు. ఎవరూ చెప్పకుండానే ఆమె రొట్టెను వేడివేడి పాలలో చిదిపి మెత్తగా చేసి పెట్టేది, దాల్చా చేసిన రోజు ఎముకలన్నీ ఏరి పెట్టేది. పెట్టి, వంటింటి తలుపు చాటున నిలబడేది. మామకు ఏదైనా చెప్పాలంటే మున్నీని పంపేది. ఆ పూట మున్నీ తాత తొడ మీద తల పెట్టి ఆవలిస్తోంది.

"విమలమ్మ వచ్చింది," అన్నాడాయన రొట్టె వైపు చూస్తూ.

తలుపు చాటున కొంగు కదిలింది.

"నిన్ను ఆపనీకి నేనెవణ్ణి? నీ ఇష్టం. షరీయత్ ఆపది, నేను ఆపను. కాని అదే షరీయత్ల ఇంకో మాట గూడ ఉన్నది. తల్లి పరాయి మొగోన్ని చేసుకుంటే పిల్ల తండ్రి తరఫోళ్ళకొస్తది. మున్నీ ఇక్కడ్నే ఉంటది."

కితాబుల్లో అలాంటి మాట ఒకటి ఉన్నది నిజమే. దాని పక్కన వేరే మాటలూ ఉన్నాయి. వరుసగా పేర్చిన గిన్నెల్లోంచి గిరాకీకి సరిపోయేది లాగినట్టు ఆయన తనకు కావలసింది లాగాడు. ఉదయం ప్రవక్త బతుకు అందనంత ఎత్తులో ఉందన్న మనిషికి, సాయంత్రానికి మతం చేతికందేంత దగ్గరికి వచ్చింది.

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. సాలెహా చాటు నుంచి ఇవతలికి వచ్చింది. ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. ఇన్నేళ్ళలో ఆమె కళ్ళు ఏ రంగువో ఆయనకు తెలియదని అప్పుడు తెలిసింది.

"మున్నీని ఇడిచి నేనేడికి పోత అబ్బా?" అంది, కన్నతండ్రిని పిలిచినట్టు. మాడిన రొట్టె తీసేసి, "ఇంకో రొట్టె ఏయాల్నా?" అంది.

ఆయన గెలిచాడు. ఇంకో రొట్టె వచ్చింది. దాన్ని కూడా ఆమె పాలలో చిదిపే పెట్టింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కిటికీ గట్టు మీద చాయ్ గ్లాసు, దాని మీద ఈగ వాలకుండా బోర్లించిన సాసరు. ఘనీ సాబ్ ఆ సాసరు తీస్తూ తనకు తానే దొరికిపోయాడు. కులం తక్కువ, వయసు తక్కువ, లోకం ఏమంటుంది, కొడుకు పేరేమవుతుంది. అన్నీ చెప్పుకున్నాడు. అన్నిటి కింద ఉన్నది ఈ గ్లాసు. ఈమె వెళ్ళిపోతే రేపు ఈ కిటికీలో చాయ్ ఉండదు, సాయంత్రం గుమ్మంలో "తాతా" అనే పిలుపు ఉండదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే అది దుఃఖమే, తప్పు కాదు. చెప్పలేక షరీయత్‌ను అడ్డం పెట్టుకున్నాడు.

ఇంత తెలిసీ ఆయన కామారెడ్డి బస్సెక్కాడు. జిలానీకి నాలుగు గట్టి మాటలు చెప్పి, ఇక ఈ గడప తొక్కవద్దని చెప్పి రావాలని. సగం తెలివి వచ్చిన మనిషి చేసే పని, అసలు తెలియనివాడు చేసే పని కంటే హీనంగా ఉంటుంది.

బస్సులో నిలబడ్డాడు. లింగంపేట దాటాక ఒక లంబాడీ ముసలామె పక్కన పెట్టుకున్న మూట ఒళ్ళోకి తీసుకుని, పక్కకు జరిగి, "కూసో బాపు" అని చోటిచ్చింది. కూర్చోగానే, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు, ప్రవక్త చేసుకున్న బీబీ ఉమ్మె సల్మా గుర్తుకొచ్చింది. ఆమె కూడా మొగుడు పోయిన మనిషే. నాకు పిల్లలున్నారని ఆమె వెనకాడితే, నీ పిల్లలు నాకు బరువు కాదన్నారు ప్రవక్త. ఆ పిల్లలు ఆయన ఇంట్లోనే పెరిగారు. రెండేళ్ళ కిందట మైకులో ఈ కథ చెప్పింది ఎవరో కాదు, ఘనీ సాబే. ఆయన కిటికీ వైపు తిరిగి బయట మొక్కజొన్న చేలు చూశాడు. చేలు అయిపోయాక దూరంగా గుట్టలు చూశాడు. కామారెడ్డి దాకా చూస్తూనే ఉన్నాడు.

జిలానీ దుకాణం స్టేషన్ రోడ్డులో ఒక రేకుల షెడ్డు. లోపలంతా దూది నెరుసు తెల్లగా తేలుతోంది. ఘనీ సాబును చూడగానే జిలానీ మిషన్ ఆపి, కనుబొమల మీది దూది తుడుచుకుంటూ ఉరికి వచ్చాడు.

"చాచా! చెప్పి పంపితే నేనే వద్దును గద, బస్సుల గింత కష్టం ఎందుకు?" అప్పుడే కుట్టిన పరుపు మీద కూర్చోబెట్టి, కొత్త దిండు ఒకటి దులిపి ఆయన వీపు వెనక సర్దాడు. "నడుము నొప్పి తగ్గిందా? పోయినసారి ఒంగలేకపోయిండ్రు."

"నీతోని ఒక మాట మాట్లాడనీకి వచ్చిన."

"చెప్పుండ్రి చాచా."

ఘనీ సాబ్ ఆ ముఖంలో తడబాటు కోసం చూశాడు. దొరకలేదు. "మున్నీ బాగున్నదా? బడికి పోతున్నదా?" అని మాత్రం అడిగాడు జిలానీ. ఏడాదికి రెండుసార్లు వచ్చి ఘనీ సాబ్ ఇంటి వాకిట్లో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిపోయేవాడు. సాలెహా గలీబులు ఉతికి చిరుగులు కుట్టి ఇచ్చేది. ఎన్ని పరుపులున్నా మొదట మున్నీ బొంత ముట్టుకునేవాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగింది అంతే.

అప్పుడు ఘనీ సాబుకు తెలిసింది. జిలానీకి ఏమీ తెలియదు. విమలమ్మ ఇక్కడికి రాలేదు. సాలెహా కబురు జిలానీకి పోలేదు, తన దగ్గరికి వచ్చింది. బీబీ ఖదీజా అయినా నేరుగా ఆ మనిషికే చెప్పి పంపింది. ఈ పిల్ల ముందు తన గడప దగ్గర ఆగి, తనను అడిగింది. అంత మర్యాద చేసిన కబురును ఆయన ఒక రొట్టె మాడే లోపల చంపేశాడు.

లోపలి గది నుంచి జిలానీ తల్లి వాజిదా చాయ్ తెచ్చింది. "సలాం భాయ్‌సాబ్. అల్లా పంపినట్టు వచ్చిండ్రు. మీరన్న చెప్పుండ్రి వీనికి. నస్రుల్లాబాద్ సంబంధం ఒకటొచ్చింది, పిల్ల బంగారం. వీడు అవునడు, కాదనడు. ఆ పిల్ల మేనమామ ఇయ్యాల బెల్లం అమ్మనీకి మార్కెట్‌కు వచ్చిండు. జవాబు అడుగుతున్నడు."

"అమ్మీ, ఇప్పుడెందుకు?" అన్నాడు జిలానీ.

"ఇప్పుడు గాక నీకు గడ్డం తెల్లవడ్డంక చేసుకుంటవా?" అని విసుక్కుంటూ ఆమె లోపలికి పోయింది.

"ఎందుకు మనసు పడతలేదు?" అని అడిగాడు ఘనీ సాబ్. అడగకూడదని తెలుసు.

జిలానీ పిడికెడు దూది తీసుకుని అందులోని గింజపెచ్చులు ఏరసాగాడు. "ఏం లేదు చాచా. మనసుల ఒక మాట ఉండె. అది అడిగే మొఖం నాది గాదు. పెద్దింటి మాట. గందుకే నోట్లకెల్లి తీయలె." దూది గంపలో వేసి తలెత్తాడు. "నాకు బాపు లేడు. మీరేమంటే గది."

ఒక కబురు ఎల్లారెడ్డి నుంచి వచ్చి, ఒకటి ఇక్కడ పుట్టి, రెండూ ఘనీ సాబ్ చేతుల్లోనే పడ్డాయి. రెంటినీ కలపడానికి ఒక్క మాట చాలు. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకూ సామాను మోసిన మనిషికి ఈ ఒక్క మాట బరువైంది.

"అడగరాని మాట అడగకపోవుడే మంచిది," అన్నాడు. "నస్రుల్లాబాద్ సంబంధం చేసుకో."

జిలానీ తల ఊపాడు. అంతే. వాదించలేదు. పెద్దమనిషి మాట మీద అంత గౌరవం.

సరిగ్గా అప్పుడు బజారు మసీదులో అజాన్ మొదలైంది. ప్రవక్త పేరు రాగానే జిలానీ బొటనవేళ్ళు ముద్దుపెట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఘనీ సాబ్ చేతులు కూడా అలవాటుగా లేచాయి. ముఖం దాకా వెళ్ళలేదు. ఛాతీ దగ్గర ఆగి, ఏదో వెతుక్కుంటున్నట్టు జేబుల్లోకి దిగాయి.

వాజిదా మాత్రం ఆలస్యం చేయలేదు. నమాజు కాగానే మార్కెట్‌కు మనిషిని పరిగెత్తించింది. బెల్లం బస్తాల వాసనతో ఆ మేనమామ వచ్చాడు. వాళ్ళలో నోరు తీపి చేస్తే మాట ఇచ్చినట్టే, ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. పెద్దమనిషి చేత్తోనే కావాలన్నారు. చక్కెర గిన్నె ఘనీ సాబ్ ముందు పెట్టారు. ఆయన చిటికెడు తీసి జిలానీ నోట్లో పెట్టాడు. కింద పడకుండా జిలానీ దోసిలి గడ్డం కింద పట్టాడు. పిల్లవాడు మందు తాగినట్టు కళ్ళు మూసుకుని మింగాడు.

ఎల్లారెడ్డిలో బస్సు దిగేసరికి పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు అయిపోయింది. వాకిట్లో సాలెహా కాళ్ళకు నీళ్ళిచ్చింది. మున్నీని మధ్యన పెట్టుకోలేదు. చెంబు అందిస్తూ తనే అడిగింది.

"ఆయనను ఏమన్న తిట్టిండ్రా అబ్బా? ఆయనకేం తెల్వది. తప్పేమన్న ఉంటే నాది."

అబద్ధం చెప్పడానికి వీలున్న ప్రశ్న అడిగి ఉంటే ఆయన చెప్పేవాడేమో. ఆమె తన గురించి అడగలేదు. కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చుండిపోయాడు.

"తెల్వదని ఆడికి పోయినంక తెలిసింది," అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. దాచుకోలేదు. నస్రుల్లాబాద్ సంబంధం, చక్కెర, తన చేయి. జిలానీ మనసులో ఒక మాట ఉండె అన్న సంగతి కూడా.

సాలెహా గోడకు ఆనుకుని నిలబడి వింది. "మళ్ళ చెప్పుండ్రి," అంది.

"ఏది?"

"ఆయన ఏమన్నడో గది."

"మనసుల ఒక మాట ఉండె. అది అడిగే మొఖం నాది గాదు. పెద్దింటి మాట, అన్నడు."

ఆమె పెదాలు ఆ మాటను చప్పుడు లేకుండా ఒకసారి పలికాయి. ఏడుస్తుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఆ అవకాశం ఆమె ఇవ్వలేదు.

"రేపు పొద్దుగాల బస్సుకు మళ్ళ పోత," అన్నాడు తొందరగా. "కాళ్ళు పట్టుకోనన్న మాట ఎనుకకు తీస్కుంట."

"వద్దు."

"ఎందుకు వద్దు? నేనే చెడగొట్టిన, నేనే..."

"ఆ పిల్లకు ఈపాటికి చెప్పి ఉంటరబ్బా. ఇంటింటికి చక్కెర పంచి ఉంటరు. ఆ పిల్ల ఏం చేసింది?"

ఘనీ సాబ్ తల వంచుకున్నాడు. ఆ పిల్ల పేరు కూడా తాను అడగలేదు. ఇప్పుడు పరిగెత్తిపోవాలనుకుంటున్నది సాలెహా కోసమో, తన తప్పు కడుక్కోవడం కోసమో ఆయనకే తేలలేదు.

తలెత్తి, "ఒక మాట మాత్రం నా చేతుల ఉన్నది," అన్నాడు. "మున్నీ ముచ్చట. నిన్న నేను చెప్పింది షరీయత్ గాదు, నా స్వార్థం. రేపు నువ్వు ఎవరిని చేసుకున్నా, ఎప్పుడు చేసుకున్నా మున్నీ నీతోనే పోతది. నేను అడ్డం రాను."

సాలెహా ఆలోచించింది. చెంబు కింద పెట్టింది.

"గీ మాట విమలమ్మత్త ముంగట చెప్పుండ్రి."

నా మాట మీద నమ్మకం లేదా అనే ప్రశ్న ఆయన నోటిదాకా వచ్చింది. పెదవి దాటలేదు. పందిట్లో వందలమంది నమ్మిన గొంతు. సొంత ఇంట్లో దానికి సాక్షి కావాల్సి వచ్చింది. అడగడం ఆమె తప్పు కాదు.

లేచి పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి, "విమలమ్మా, జెర మా ఇంటి దాంక వస్తవా?" అన్నాడు. విమలమ్మ పిండి చేతులతోనే వచ్చింది. వాకిట్లో నిలబడి ఘనీ సాబ్ ఆ మాటే మళ్ళీ చెప్పాడు. ఈసారి సగం మాటలు గాలిలో పోయాయి.

"ఇనవడలె," అంది విమలమ్మ. "మైకు పెట్టమంటవా అన్నా?"

ఆయన గొంతు సవరించుకుని, "మున్నీ తల్లితోనే ఉంటది. తల్లి ఏడికి పోతే ఆడికి పోతది," అన్నాడు.

"ఇన్నవా బిడ్డా? నేను గూడ ఇన్న." విమలమ్మ సాలెహా వైపు ఒక అడుగు వేసి ఆగింది. పిండి అంటుతుందని మోచేత్తోనే ఆ పిల్ల భుజాన్ని ఒక్కసారి నొక్కింది. పోతూపోతూ ఘనీ సాబ్‌తో, "మా ఇంట్ల నిమ్మకాయ తొక్కు పెట్టిన. పంపిస్త, రొట్టెలకు తిను," అంది. తిట్టి ఉంటే ఇంతకన్నా తేలికగా ఉండేది.

ఆ రాత్రి కూడా రొట్టె పాలలో మెత్తగా చిదిపే ఉంది. ఆయనకు చేయి పోలేదు. "తినుండ్రి అబ్బా, చల్లగైతది," అంది సాలెహా, ఎదురుగానే పీట మీద కూర్చుని. తలుపు చాటుకు పోలేదు. ఆయన తిన్నాడు. ఒక్కొక్క ముద్దా మింగుతుంటే, పక్కన మున్నీ నిద్రలో చేతులు చాపి ఆయన లుంగీ అంచు పట్టుకుంది.

సాలెహా గిన్నెలు తీసి, పొయ్యి ఆర్పి, తాగడానికి మంచినీళ్ళు ఆయన మంచం పక్కన పెట్టింది. వంగి, లుంగీ అంచు నుంచి బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఎత్తుకుని భుజాన వేసుకుంది. తన గది గుమ్మం దాకా వెళ్ళి ఒక్క క్షణం నిలబడింది. ఏదైనా అంటుందేమోనని ఆయన తలెత్తాడు.

ఆ గది తలుపు పాతది. ఊరికే లాగితే కింద బండకు రాసుకుని కీచుమంటుంది. ఆమె ఒక చేత్తో బిడ్డ తల పట్టుకుని, రెండో చేత్తో తలుపును కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా మూసుకుంది.